డీప్ డైవ్ దుబాయ్‌లో స్కూబా ప్రాక్టీస్: మీ సమయమంతా మొదటి పన్నెండు మీటర్లకే ఇవ్వండి

రెండేళ్ల క్రితం మీరు అండమాన్‌లో, స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా తొలి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేశారు. ఆ తర్వాత మళ్లీ సముద్రంలోకి దిగలేదు. ఇప్పుడు ఉద్యోగం దుబాయ్‌లో. డిసెంబరులో మాల్దీవులు వెళ్లేలోపు చెయ్యి తిరగాలని అక్కడి డైవింగ్ పూల్ డీప్ డైవ్ దుబాయ్‌కి వెళ్దామనుకుంటున్నారు. పెట్టిన డబ్బుకు తగ్గ ఉపయోగం ఉంటుందా, 60 మీటర్లు దిగనిస్తారా, అప్పట్లో ఇబ్బంది పెట్టిన ఎడమ చెవి సంగతేంటి, ఈత రాని మీ శ్రీమతి కూడా ప్రయత్నించవచ్చా అని అడిగారు. చాలాకాలంగా డైవింగ్ నేర్పుతున్నాను, మీలాగే విరామం తీసుకుని తిరిగి వచ్చినవాళ్లకు ఇలాంటి పూల్స్‌లో సాధన చేయించాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

వెళ్లండి, ఉపయోగం ఉంటుంది. అయితే లోతు కోసం వెళ్లకండి. మీకు కావలసినదంతా పైనున్న పది పన్నెండు మీటర్లలోనే ఉంది.

ముందు ఆ పూల్ గురించి. దుబాయ్‌లో నాద్ అల్ షెబా ప్రాంతంలో ఉంది, 2021లో తెరిచారు. లోతు 60.02 మీటర్లు. ప్రపంచంలోకెల్లా లోతైన డైవింగ్ పూల్‌గా అదే ఏడాది గిన్నిస్ రికార్డు వచ్చింది. సుమారు 1.4 కోట్ల లీటర్ల మంచినీళ్లు, వేడి దాదాపు 30 డిగ్రీలు. లోపల మునిగిపోయిన నగరంలా సెట్ వేశారు. గోడల మధ్య ఈదుతూ వెళ్తుంటే మోటార్ బైకు, టేబుల్ ఫుట్‌బాల్ లాంటివి కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ తీరంలో ముత్యాల కోసం ఊపిరి బిగబట్టి మునిగినవాళ్లకు గుర్తుగా భవనాన్ని ఆల్చిప్ప ఆకారంలో కట్టారు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఆ అలంకారమంతా చూస్తూ తిరిగితే మీ గంట అయిపోతుంది, సాధన మిగిలిపోతుంది. అందుకే బుక్ చేసేటప్పుడే "తిప్పి చూపించే డైవ్ కాదు, నాకు రిఫ్రెషర్ కావాలి" అని స్పష్టంగా చెప్పండి. రిఫ్రెషర్ అంటే మరిచిన పాఠాలు మళ్లీ చేయించే శిక్షణ. రెండేళ్లు గ్యాప్ వచ్చింది కాబట్టి ఏ మంచి సెంటరైనా రిఫ్రెషర్ చేయమనే అంటుంది. అనకపోతే మీరే అడగండి.

ఇక 60 మీటర్ల విషయం. ఓపెన్ వాటర్ కార్డుతో మీ హద్దు 18 మీటర్లు. అడ్వాన్స్‌డ్ చేస్తే 30. సరదా డైవింగ్ మొత్తానికి ఆఖరి గీత 40. ఆ పైన టెక్నికల్ డైవింగ్ మొదలవుతుంది. దానికి వేరే శిక్షణ, వేరే సిలిండర్లు, వేరే గ్యాస్ కావాలి. పూల్‌లో అలలు లేవు, సొరచేపలు లేవు, నీళ్లు గాజులా ఉంటాయి కాబట్టి ఈ హద్దులు సముద్రానికేనని చాలామంది అనుకుంటారు. ఒత్తిడికి ఆ తేడా తెలియదు. పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున అక్కడా పెరుగుతుంది.

లెక్క వేసి చూడండి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో (ఒక బార్ అంటే సుమారు ఒక వాతావరణ పీడనం) గాలి నింపితే 2,400 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి పది మీటర్ల దగ్గర నిమిషానికి 40 లీటర్లు ఖర్చవుతాయి. రిజర్వు పక్కన పెట్టి చూసినా ముప్పావు గంట హాయిగా గడపొచ్చు. అదే మనిషి 60 మీటర్ల దగ్గర నిమిషానికి 140 లీటర్లు పీలుస్తాడు. సిలిండర్ అడుగంటా ఊడ్చినా 17 నిమిషాలే. అందులోనే దిగాలి, ఎక్కాలి, ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోయేలా డీకంప్రెషన్ కోసం ఆగాలి. పైగా అక్కడ మామూలు గాలిలోని ఆక్సిజన్ పీడనం 1.4 బార్ హద్దు దాటిపోతుంది. నైట్రోజన్ మత్తు అంతకు చాలా ముందే, 30 మీటర్ల ప్రాంతంలోనే, చాలామందికి తెలుస్తుంది. అందుకే ఆ అడుగుకు వెళ్లే టెక్నికల్ డైవర్లు హీలియం కలిపిన గ్యాస్ వాడతారు. మాల్దీవుల్లోనైతే సరదా డైవింగ్‌కు ప్రభుత్వ నిబంధనల ప్రకారమే గరిష్ఠ లోతు 30 మీటర్లు. మరి 60 మీటర్ల ఆరాటం మీ ప్రయాణానికి ఎందుకూ పనికిరాదు.

స్పష్టమైన నీళ్లలో ఇంకో చిక్కు ఉంది. పైనుంచి అడుగు కనిపిస్తుంటే లోతు లోతుగా అనిపించదు. విశాఖ రుషికొండ దగ్గర దిగినప్పుడు నాలుగైదు మీటర్ల అవతల ఏమీ కనిపించక మనిషి తనంతట తానే జాగ్రత్తపడతాడు. ఇక్కడ ఆ భయం ఉండదు. కబుర్లాడుకుంటూ నడిచినట్టు తెలియకుండానే 20 మీటర్లకు జారిపోతారు. కంటిని నమ్మకండి, చేతికున్న డైవ్ కంప్యూటర్‌ను నమ్మండి. సొంత కంప్యూటర్ తీసుకెళ్తే ఉప్పునీటి సెట్టింగును మంచినీటికి మార్చండి. మాల్దీవులకు బయల్దేరే ముందు మళ్లీ ఉప్పునీటికి మార్చడం మరవకండి.

నీళ్లలో ఏం చేయాలంటే, అన్నిటికంటే ముందు మునగడానికి నడుముకు కట్టుకునే సీసపు బరువు సరిచూసుకోండి. ఉప్పునీరు మంచినీటి కన్నా సుమారు రెండున్నర శాతం ఎక్కువ బరువు, అందుకే సముద్రం మనల్ని ఎక్కువ తేలుస్తుంది. పరికరాలతో కలిపి మీరు తొంభై వంద కిలోలు ఉంటే, అండమాన్‌లో కట్టుకున్న సీసం కన్నా ఇక్కడ రెండు రెండున్నర కిలోలు తక్కువ సరిపోతుంది. ఒంటికి తొడిగే రబ్బరు వెట్‌సూట్ పలచనైతే ఇంకా తగ్గుతుంది. పాత అలవాటుతో "నాకు ఆరు కిలోలు" అని చెప్పేయకండి. నిలువుగా ఉండి, బీసీడీలో (గాలి నింపుకుని తేలే జాకెట్) గాలంతా వదిలేసి, మామూలుగా ఊపిరి తీసుకుని ఆపితే నీటిమట్టం కళ్ల దగ్గరకు రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే ఒకటి రెండు కిలోలు అదనంగా కట్టుకోవాలి, ఎందుకంటే గాలి ఖర్చయ్యేకొద్దీ సిలిండర్ తేలికవుతుంది. ఈ పది నిమిషాల పని చేయకుండా మొదలుపెట్టిన సాధన అంతా వృథా. బరువు ఎక్కువైనవాడు బీసీడీలో గాలి ఎక్కువ నింపుతాడు, కాళ్లు కిందికి వేలాడుతాయి, పైకీ కిందికీ ఊగుతూ గాలంతా ఖర్చు చేస్తాడు. డైవింగ్ నాకు అబ్బదేమోనని బాధపడేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు నడుము చుట్టూ ఉన్న అదనపు సీసమే.

తర్వాత మాస్క్. ఆరు మీటర్లలోపు మోకాళ్ల మీద కాకుండా తేలుతూనే మాస్క్‌లోకి నీళ్లు సగం రానిచ్చి ఖాళీ చేయండి, తర్వాత పూర్తిగా, తర్వాత తీసి మళ్లీ పెట్టుకోండి. రిఫ్రెషర్‌కు వచ్చినవాళ్లలో టెన్షన్ పుట్టేది ఎక్కువగా ఇక్కడే. ముక్కులోకి నీళ్లు తగలగానే పైకి పరుగెత్తాలనిపిస్తుంది. 30 డిగ్రీల నీళ్లలో, పక్కనే ఇన్‌స్ట్రక్టర్ ఉండగా ఆ భయాన్ని వదిలించుకోవడం కన్నా ఈ పూల్ మీకు ఇవ్వగల మంచి సాయం ఇంకోటి లేదు. మాస్క్ లేకుండా ఒక నిమిషం నోటితో పీలుస్తూ ముక్కుతో వదలకుండా ఉండగలిగారంటే, మాల్దీవుల్లో ఎవరి ఫిన్ (కాలికి తొడిగే రెక్క) అయినా మీ మాస్క్‌ను తన్నినా కంగారుపడరు. మీసం ఉంటే మాస్క్ కారడం మామూలే. ముక్కు కింద సన్నని గీతలా వెంట్రుకలు తీసేస్తే మీసం తీయకుండానే పని జరుగుతుంది. ఆ రోజు తలకు నూనె రాయకండి, మాస్క్ పట్టీ జారిపోతుంది. కళ్లద్దాలుంటే మీ పవరుకు తగిన మాస్క్ ఉందేమో ముందే కనుక్కోండి.

ఆ తర్వాత మిగిలిన సమయమంతా బాయన్సీకే, అంటే మునగకుండా, తేలిపోకుండా ఒకే లోతులో నిలవడానికే. ఐదు మీటర్ల దగ్గర తాడు పట్టుకోకుండా, గోడను తాకకుండా, చేతులు ఆడించకుండా మూడు నిమిషాలు నిలబడండి. డైవ్ చివర పైకి వచ్చే ముందు ఆగే సేఫ్టీ స్టాప్ అదే. మాల్దీవుల్లో దీన్ని చాలాసార్లు నీలి నీళ్లలో, చుట్టూ ఏ ఆధారమూ లేకుండా, ప్రవాహంలో కొట్టుకుపోతూ చేయాలి. పూల్‌లో స్థిరంగా నిలబడలేనివాడు అక్కడ నిలబడలేడు. ఊపిరి లోతుగా తీసుకున్నాక శరీరం లేవడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, ఆ ఆలస్యాన్ని ఒంటికి నేర్పడమే అసలు సాధన. బీసీడీ బటన్ జోలికి పోకుండా ఊపిరితోనే అర మీటరు లేచి, అర మీటరు దిగండి. తర్వాత 12 మీటర్ల వరకు నెమ్మదిగా దిగి, నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా పైకి రండి. ఎక్కేటప్పుడు బీసీడీలో గాలి వ్యాకోచిస్తుంది, ముందుగానే కొద్దికొద్దిగా వదలాలి. ఈ ఒక్క పని రెండు మూడుసార్లు చేశారంటే మీరు పెట్టిన డబ్బు వసూలైనట్టే. ఫిన్స్ తగిలి విరిగే పగడం తిరిగి పెరగడానికి ఏళ్లు పడుతుంది. నేర్చుకునేటప్పుడు చేసే తప్పులు ఇక్కడ, గచ్చు మీద చేయండి.

సర్ఫేస్ మార్కర్ బాయ్ (నీటిపైకి వదిలే గాలి నింపిన గుర్తు) వదలడం కూడా ఒకసారి చేయించమని అడగండి. అనుమతి ఉందో లేదో ఆ సెంటరు వాళ్లు చెబుతారు. మాల్దీవుల్లో ప్రవాహం మిమ్మల్ని పడవకు దూరంగా తీసుకుపోతే మీరెక్కడున్నారో చెప్పేది ఆ బాయే.

పూల్‌లో 6 మీటర్ల దగ్గర ఒకటి, 21 మీటర్ల దగ్గర ఒకటి గాలి నింపిన గదులున్నాయి. అందులోకి తల పెట్టి మాట్లాడుకోవచ్చు. 21 మీటర్ల గది మీ కార్డు హద్దుకు అవతల ఉంది, దాన్ని వదిలేయండి. ఆరు మీటర్ల గదిలోకి వెళ్తే మాత్రం ఒక మాట గుర్తుంచుకోండి: ఒళ్లు తడిగా లేనంత మాత్రాన పైకి వచ్చినట్టు కాదు. అక్కడి గాలి కూడా చుట్టూ ఉన్న నీటి ఒత్తిడిలోనే ఉంటుంది. అక్కడ గుండెల నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం అచ్చం నీటిలో ఉన్నంతే. నోట్లోని రెగ్యులేటర్ (సిలిండర్ గాలి అందించే పరికరం) ఎప్పుడు తీయాలో, ఎప్పుడు పెట్టుకోవాలో గైడ్ చెప్పినట్టే చేయండి. కంప్యూటర్ లెక్క కూడా అక్కడ ఆగదు.

చెవి విషయం అన్నిటికన్నా ముఖ్యం. బుక్ చేసే ముందే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. డైవింగ్‌కు ముందు నింపే ఆరోగ్య ప్రశ్నాపత్రంలో పాత చెవి సమస్య దాచకండి. ఆస్తమా, బీపీ, షుగర్ ఉన్నా అంతే, డాక్టరు సంతకం అడిగితే అది మీ మేలు కోసమే. ఎన్ని రెట్లు అని చూస్తే ఒత్తిడి మార్పు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది మొదటి పది మీటర్లలో. నీటి పైన ఒక బార్, పది మీటర్లకు రెండు, అంటే రెట్టింపు. 50 నుంచి 60కి వెళ్లినప్పుడు ఆరు నుంచి ఏడే. అందుకే చెవులు మొరాయించేది రెండు మూడు మీటర్ల దగ్గరే. నీటిపైన ఉండగానే ఒకసారి ఈక్వలైజ్ చేయండి, అంటే ముక్కు మూసి మెత్తగా ఊది చెవి లోపలి ఒత్తిడిని సరిచేయండి. తల పైకి, కాళ్లు కిందికి ఉండేలా దిగండి. దిగేటప్పుడు మాత్రం తాడు పట్టుకోండి, వేగం మీ చేతిలో ఉంటుంది. నొప్పి వచ్చేదాకా ఆగకుండా అర మీటరుకోసారి ముక్కు మూసి మెత్తగా ఊదండి. ఊదితే తెరుచుకోకపోతే ముక్కు మూసి గుటక వేయండి. ఎడమ చెవి పట్టేస్తే తలను కుడి భుజం వైపు వంచి, ఎడమ చెవి పైకి ఉండేలా పెట్టి ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ చేయండి. గట్టిగా ఊది తెరిపించాలని మాత్రం ఎప్పుడూ చూడకండి, లోపలి చెవి దెబ్బతింటే వినికిడే పోవచ్చు. పూల్ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. పడవ మీద పదిమంది మీకోసం ఎదురుచూడటం లేదు, కింద గైడ్ తొందరపెట్టడం లేదు. రెండు మీటర్ల దగ్గర పావుగంట గడిపినా అడిగేవాళ్లుండరు. ఆ రోజు మూడు మీటర్లు దాటలేకపోతే అక్కడితో ఆపేసి బయటికి రండి. ఆ నిర్ణయం తీసుకోగలిగిన డైవరునే నేను నమ్ముతాను.

జలుబు ఉంటే స్లాట్ మార్చుకోండి. దుబాయ్‌లో ఏసీ గదుల్లోంచి ఎండలోకి, ఎండలోంచి ఏసీలోకి తిరిగేవాళ్లకు ముక్కు దిబ్బడ తరచూ ఉంటుంది. మాత్ర వేసుకుని దిగితే దాని ప్రభావం నీళ్లలోనే తగ్గిపోవచ్చు, అప్పుడు ఎక్కేటప్పుడు గాలి చెవిలో ఇరుక్కుంటుంది. దిగడం ఆపుకోవచ్చు గానీ ఎక్కడం ఆపుకోలేరు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారని చెవిలో నూనె పోసుకోవడం, ముందు రోజు పిన్నులతో గుబిలి తీయడం వద్దు. చెవిలో ప్లగ్గులు పెట్టుకుని దిగడం అంతకన్నా ప్రమాదం. డైవ్ తర్వాత తల తిరిగినా, చెవి మూసుకుపోయినట్టు ఉండి తగ్గకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మీ శ్రీమతి విషయానికి వస్తే, అనుభవం లేనివాళ్ల కోసం ట్రై డైవ్ ఉంటుంది, ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకునే ఉంటారు. ఈత రాకపోవడం కన్నా నీళ్లంటే ఎంత భయం అన్నది ముఖ్యం. ముందు మీ అపార్ట్‌మెంటు పూల్‌లో నడుము లోతులో నిలబడి, మాస్క్, స్నార్కెల్ పెట్టుకుని ముఖం నీళ్లలో పెట్టి ఐదు నిమిషాలు ప్రశాంతంగా పీల్చగలుగుతున్నారో చూడండి. హాయిగా ఉంటే తీసుకెళ్లండి. ఇబ్బందిగా ఉంటే బలవంతం చేయకండి. లోపలి అద్దాల కిటికీల్లోంచి మిమ్మల్ని చూడటమే ఆవిడకు ఆనందంగా ఉండొచ్చు. ఇద్దరూ దిగితే ఒకే స్లాట్‌లో కలిసి వద్దు. మీ కళ్లు ఆవిడ మీదే ఉంటాయి, మీ సాధన సాగదు, ఆవిడ కూడా ఇన్‌స్ట్రక్టర్‌ను వదిలి మీ వైపే చూస్తారు.

ఖాళీ కడుపుతో వెళ్లకండి, బిర్యానీ తిని వెళ్లకండి. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, ఉప్మానో తిని, నీళ్లు బాగా తాగండి. తల కిందికి పెట్టి ఈదేటప్పుడు పులుపూ మసాలా గొంతులోకి ఎగదన్నుతాయి. ముందు రాత్రి మందు ముట్టకండి.

పూల్ ఒక్కటీ చాలదని కూడా చెప్పాలి. పడవ మీంచి వెనక్కి పడి దిగడం, ప్రవాహం, మసక నీళ్లు, అలల్లో మెట్లెక్కడం అక్కడ నేర్చుకోలేరు. కాబట్టి పూల్ తర్వాత ఒకటి రెండు వారాల్లో ఫుజైరా వైపు, స్నూపీ ఐలాండ్ దగ్గరో, దిబ్బా రాక్ దగ్గరో, ఒక రోజు సముద్రంలో దిగండి. శీతాకాలంలో నీళ్లు చల్లగా ఉంటాయి, మందమైన వెట్‌సూట్ అడగండి, దానికి తగ్గట్టు సీసం మళ్లీ సరిచూసుకోండి. పూల్‌లో చేసిన మాస్క్, బాయన్సీ సాధన అక్కడ ఒకసారి పరీక్షకు నిలిస్తే, మాల్దీవుల్లో మొదటి రోజు మీ నైపుణ్యం చూడటానికి పెట్టే చెక్ డైవ్ గురించి మీరు ఆలోచించాల్సిన పనే లేదు. డబ్బు ఒక్కదానికే సరిపోతే, ఆ చెవి ఉన్నందువల్ల మీకైతే పూల్‌కే వెళ్లమంటాను. చెవి ఇబ్బంది లేనివాళ్లకు సముద్రంలో రిఫ్రెషర్ మేలు.

యూరప్‌లో ఉండి ఇదే ఆలోచిస్తున్న మనవాళ్లకు కూడా ఒక మాట. బ్రస్సెల్స్‌లోని నీమో 33ని 2004లోనే తెరిచారు, లోతు 34.5 మీటర్లు. ఇటలీలో పాదువా దగ్గర మోంటెగ్రోట్టో టెర్మేలోని వై-40ని 2014లో, పోలండ్‌లో మ్ష్చోనూఫ్ ఊళ్లోని డీప్‌స్పాట్‌ను 2020లో తెరిచారు. డీప్‌స్పాట్ 45 మీటర్ల పైచిలుకు. నీమో 33లో ఐదు మీటర్ల దగ్గర, పది మీటర్ల దగ్గర విశాలమైన చదును నేల ఉంటుంది, లోతు బావి ఒక పక్కకే ఉంటుంది. ఏ పూల్‌కు వెళ్లినా మీ సమయం ఆ చదును మీదే గడపండి.

చివరగా విమానం. డైవ్ అయిన రాత్రే హైదరాబాద్ ఫ్లైట్ పెట్టుకోకండి. డీకంప్రెషన్ అవసరం లేని ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు అంతకన్నా ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు విరామం కావాలి. పూల్‌లో దిగాం కదా అని ఇందులో మినహాయింపు లేదు. కారులో కొండెక్కడం కూడా విమానం కిందే లెక్క. శనివారం పొద్దున డైవ్ చేసి మధ్యాహ్నం కుటుంబంతో జెబెల్ జైస్ వెళ్దామనుకునేవాళ్లుంటారు. ఆ కొండ దాదాపు 1,900 మీటర్ల ఎత్తు. ఆ ప్రయాణం డైవ్‌కు ముందు రోజు పెట్టుకోండి, తర్వాత మాత్రం వద్దు.